పెరట్లో చింతచెట్టు, మంచం కింద కొంగపిల్ల

ఇచ్ఛాపురం వైపు ఒక పల్లె నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె పుట్టిల్లు బొబ్బిలి దగ్గర. పెళ్లయి పదేళ్లు దాటింది. భర్త గుజరాత్‌లో వెల్డింగ్ పని చేస్తారు. సంక్రాంతికి వచ్చి నెల్లాళ్లు ఉండి వెళ్తారు. ఇంట్లో ఆమె, అత్తగారు, మరిది, నాలుగో తరగతి చదివే కొడుకు, రెండేళ్ల కూతురు ఉంటారు. పెంకుటింటి వెనక మామగారి తండ్రి నాటిన పెద్ద చింతచెట్టు ఉంది. ఏటా జూన్‌లో, తొలకరితో పాటు, దాని మీద కొంగలు దిగుతాయి. ఆ ఊళ్లో వాటిని ఎవరూ కొట్టరు. అత్తగారైతే "పిల్లలొచ్చాయి" అని చెట్టు మొదట్లో దీపం పెడతారు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికొస్తే వెళ్లగొడతామా అంటారు.

గూళ్లలో పిల్లలు లేచాక ఇంటి పరిస్థితి మారిపోతుంది. పెరడంతా రెట్టలు, నత్తల పెంకులు, కుళ్లు వాసన. బట్టలు ఆరేసే చోటుండదు. పొద్దున్నే చీపురు పట్టేది ఎప్పుడూ ఈమే. పాపకి ఈ వానాకాలం మొదలైన దగ్గర్నుంచి దగ్గు, రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు. ఇచ్ఛాపురంలో చూపించారు, బరంపురం తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు "ఇంట్లో పక్షులున్నాయా?" అని అడిగారట. ఆ మాట భర్త చెవిన పడినప్పట్నుంచి ఫోన్‌లో రోజూ గొడవే. "కొంగపిల్లల కోసం నా పిల్లని ఆస్పత్రి పాలు చేస్తారా?" అంటున్నారు. ఆ స్థలంలోనే స్లాబు ఇల్లు కట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు కాబట్టి దసరాలోపే చెట్టు కొట్టించి, కార్తీకంలో శంకుస్థాపన చేయించమని తమ్ముడికి పురమాయించారు. తిత్లీ తుఫానులో ఆ చెట్టు కొమ్మే విరిగి పశువుల పాక మీద పడిందని మరిది గుర్తు చేస్తున్నాడు. "ఆ చెట్టు మీద గొడ్డలి పడితే ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను" అని అత్తగారు కూర్చున్నారు.

ఇంతలో మొన్నటి గాలివానకి ఒక పిల్ల గూట్లోంచి పడింది. కొడుకు దాన్ని గంపలో పెట్టి మంచం కింద దాచాడు. ఆమె మాటల్లోనే: "ఒంటినిండా తెల్లటి నూగు. రెక్కల అంచున నల్లటి ముళ్లలాగా మొలుస్తున్నాయి. పెద్ద కొంగలకి ముక్కు మధ్యలో సందు ఉంటుంది, దీనికి లేదు. ఇది వేరే జాతిదని మా మరిది అంటాడు. మావాడు పాలన్నం పెడుతున్నాడు, తినట్లేదు. దూదితో నోట్లో నీళ్లు పిండుతున్నాడు. మనిషి చెయ్యి తగిలింది, ఇక తల్లి దగ్గరికి రానివ్వదు, నువ్వే పెంచుకో అని మా అత్త చెప్పింది. బయట పారెయ్యమని వాళ్ల నాన్న అరిచారు. అప్పట్నుంచి వాడు నాన్నతో ఫోన్ మాట్లాడటం మానేశాడు."

చివర ఇలా రాశారు: "నిజం చెప్పాలంటే నాకు ఈ కొంగలంటే విసుగు. ఆ మాట పైకంటే పాపమంటారు. చెట్టు కొట్టమంటే అత్తకి చెడ్డ, వద్దంటే ఆయనకి చెడ్డ, గంప తీసేస్తే పిల్లాడికి చెడ్డ. నన్నేం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు గంప సంగతి చూద్దాం. చెట్టు గొడవ నాలుగు రోజులు ఆగుతుంది, ఆ పిల్ల ఆగదు.

పాలన్నం వెంటనే ఆపించండి. పక్షులు పాలు అరిగించుకోలేవు. నోట్లో నీళ్లు పిండటం ఇంకా ప్రమాదం. పక్షికి గాలిగొట్టం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది. మనం పోసిన చుక్క అందులోకి జారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాహంతో చచ్చిపోతుందని పిల్లాడు భయపడుతుంటాడు. దాని నీళ్లు దాని తిండిలోనే ఉంటాయని చెప్పండి. గంపలో పాత నూలు గుడ్డ పరిచి, పైన ఇంకో గుడ్డ సగం కప్పి, వెచ్చగా, చీకటిగా, అలికిడి లేని చోట ఉంచండి. మంచం కింద వద్దు, పాప పడుకునే గదిలో అసలే వద్దు. పశువుల పాకలో పిల్లి అందుకోలేని ఎత్తున పెట్టొచ్చు. దాన్ని ఎత్తేటప్పుడు పిల్లాడి మొహం దగ్గరికి రానివ్వకండి. కొంగజాతి పిల్లలు బెదిరితే కంటి మీదికే పొడుస్తాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అది వేరే జాతి కాదు, మీ చెట్టు మీది నత్తగుల్లకొంగ పిల్లే. ఆ సందు పుట్టుకతో రాదు, పెరిగే కొద్దీ వస్తుంది. మీ మరిది గమనించింది సరైనదే, అర్థం చేసుకోవడంలోనే తేడా వచ్చింది. పెద్దవైనాక ఈ కొంగలు బురదనీళ్లలో ముక్కుతో వెతికి నత్తని పట్టుకుంటాయి. కింది ముక్కు కొసని పెంకులోకి దూర్చి, కండని తెంపి బయటికి లాగుతాయి. పెరట్లో మీరు ఊడ్చే పెంకులు అవే. ఇంకా ముక్కు కలిసే ఉన్న ఈ పిల్లకి ఆ విద్య రాదు. తల్లిదండ్రులు తిన్నది గూట్లో కక్కితే అది తింటుంది. మరీ తప్పనిసరై ఒక పూట ఏదైనా పెట్టాల్సి వస్తే ఉప్పు కారం తగలని చిన్న చేపముక్కలు, లేదా పెంకు తీసిన నత్త కండ గంపలో దాని ముందు వేయండి. నోరు బలవంతంగా తెరవొద్దు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట మన ఊళ్లన్నిటిలోనూ ఉంది. అది నిజం కాదు. చాలా పక్షులు వాసన చూసి పిల్లల్ని వెలివేయవు. మీ అత్తగారు ఆ మాట చెడు ఉద్దేశంతో అనలేదు. పిల్లల చేతులు గూళ్ల జోలికి పోకుండా పెద్దలు అలా చెప్తూ వచ్చారేమో. కానీ ఆ మాట వల్లే ఎన్నో పిల్లలు గూటికి తిరిగి చేరకుండా అట్టపెట్టెల్లో చచ్చిపోతున్నాయి.

మనం అన్నిటినీ పిల్ల అనే అంటాం. గుడ్డు పగిలిన రోజే తల్లి వెంట పరుగెత్తే కోడిపిల్లా పిల్లే, కళ్లు కూడా తెరవకుండా ఎర్రగా ముడుచుకుని ఉండే పిచ్చుకపిల్లా పిల్లే. సాయం చేసే పద్ధతి మాత్రం పిల్ల ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఈకలు రాని పిచ్చుకపిల్లో గోరింకపిల్లో కింద పడితే, గూడు అందేలా ఉంటే చేత్తో తీసి గూట్లో పెట్టేయడమే. తల్లి వచ్చి మామూలుగానే మేపుతుంది. ఈకలన్నీ వచ్చి, పొట్టి తోకతో నేల మీద గెంతుతూ ఉంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. అమ్మానాన్నలు పక్కనే ఎక్కడో ఉంటాయి. దాన్ని ఇంట్లోకి తేవడం అంటే వాటి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినట్టే. పిల్లిని, కుక్కని దూరంగా ఉంచి వదిలేయాలి. మీ కొంగపిల్ల ఈ రెండింటిలో ఏదీ కాదు. దానికి నూగు ఉంది, రెక్కల ఈకలు గొట్టాల్లోంచి ఇప్పుడే పొడుస్తున్నాయి. ఎగరడానికి ఇంకా వారాలు పడుతుంది. గూడేమో చిటారు కొమ్మన ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన పిల్ల కోసం కొంగలు సాధారణంగా నేల మీదికి దిగి మేపవు.

అందుకని మీ ముందు మూడు దారులున్నాయి. చెట్టెక్కడం వచ్చిన మనిషిని పిలిచి గూట్లో పెట్టించడం ఒకటి. ఏ గూడో కచ్చితంగా తెలిసి, అది కింది కొమ్మల్లో ఉంటే ఫలితం ఉండొచ్చు. కానీ గూళ్లతో నిండిన చెట్టెక్కితే మిగతా గూళ్లలోని పిల్లలు బెదిరి కిందికి దూకేస్తాయి. ఒకదాన్ని పైకి చేర్చబోయి నాలుగింటిని కింద పడేసుకుంటాం. వాన తడికి చింతకొమ్మ జారుతుంది కూడా. పిల్లాణ్ణి మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎక్కనివ్వకండి. వాడు ఎక్కాలని చూస్తాడు, కనిపెట్టి ఉండండి.

రెండోది ఇంట్లోనే పెంచడం. మీవాడికి కావలసింది ఇదే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షిని ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. చట్టం సంగతి అలా ఉంచినా, మనిషి చేతిలో పెరిగిన కొంగ తోటి కొంగలతో కలిసి మేత వెతకడం నేర్చుకోదు. మంద లేచిపోయే రోజున ఇది మీ పెరట్లోనే మిగిలిపోతుంది. అప్పుడు దానికీ కష్టమే, వాడికీ కష్టమే. ఉబ్బసం లక్షణాలున్న పసిపాప ఇంట్లో ఉండగా ఈ దారి నాకు అసలు ఇష్టం లేదు.

మూడోది అటవీశాఖకి అప్పగించడం. మీ దగ్గర్లోని రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయించండి. ఊళ్లో ఈ కొంగల వల్ల వాళ్ల రాకపోకలు ఉండే ఉంటాయి, సర్పంచ్ దగ్గరో సచివాలయంలోనో నంబర్ దొరుకుతుంది. "కొంగపిల్ల పడింది" అని ఊరుకోకుండా, నూగు పిల్ల అని, రెక్కల ఈకలు ఇప్పుడే పొడుస్తున్నాయని, నిలబడగలుగుతోందో లేదో, రెక్క ఏదైనా వేలాడుతోందో చూసి చెప్పండి. అవతలివాళ్లకి ఏం తీసుకురావాలో అర్థమవుతుంది. ఇక్కడా హామీ ఏమీ లేదు. వాళ్లు వెంటనే రాకపోవచ్చు, వచ్చి తీసుకెళ్లినా అది బతకకపోవచ్చు. అయినా ఆ మూడింట్లో నేనైతే ఇటే మొగ్గుతాను.

పిల్లాడికి మాత్రం అబద్ధం చెప్పకండి. బళ్లో ఉండగా గంప మాయం చేసి, తల్లి వచ్చి తీసుకెళ్లిందని చెప్తే వాడు ఆ సాయంత్రమే కనిపెట్టేస్తాడు. అప్పగించేటప్పుడు వాడే గంప పట్టుకుని ఇవ్వాలి. ఎక్కడికి తీసుకెళ్తారో, ఏం పెడతారో వాడే అడగాలి. ఒకవేళ ఈలోగానే చచ్చిపోతే, గాలివానలో చెట్టు మీంచి పడిన దెబ్బకి పోయిందని, నీ చేతిలో పోవడం నీ తప్పు కాదని గట్టిగా చెప్పండి. పాలన్నం పెట్టానని ఆ వయసు పిల్లలు లోపల్లోపల కుమిలిపోతారు. వాడు ఒక ప్రాణిని పట్టించుకున్నాడు. ఆ సంగతి వాళ్ల నాన్న నోటి నుంచి వినబడితే వాడు మళ్లీ ఫోన్ అందుకుంటాడు. మీ ఆయన్ని అడగండి, ఆ ఒక్క మాట అనమని.

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పొచ్చు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన జిల్లాలో అందరూ అంటారు, పేపర్లూ రాస్తాయి. నత్తగుల్లకొంగలు సైబీరియా పక్షులు కావు. మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో నీళ్లను బట్టి తిరుగుతూ ఉంటాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి రింగు తొడిగిన కొంగలు దాదాపు 800 కిలోమీటర్లు తూర్పున దొరికిన దాఖలాలున్నాయి. వానలు పడి వరిచేలు, తంపరలు, సోంపేట బీల లాంటి చోట్ల నీళ్లు నిలిస్తే నత్తలు పెరుగుతాయి. ఆ మేత ఉన్నప్పుడే ఇవి పిల్లల్ని పెడతాయి. మీ చింతచెట్టు మీద లేచిన పిల్లలు మీ ఊళ్లో పుట్టినవే. మేత కోసం పోతాయి, అంతే. మీ ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా దిగేవీ ఇవే కొంగలు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలమంతా ఉంటాయి. దసరా సెలవుల తరవాత ఎప్పుడైనా మరిదిని తోడిచ్చి పంపండి. ఒక్క పిల్ల మీద పెట్టుకున్న బెంగ, ఒక పెద్ద గుంపుని చూస్తే కొంత తేలికపడుతుంది.

ఇప్పుడు చెట్టు.

మీ ఇంట్లో అందరూ చింతచెట్టు గురించే మాట్లాడుతున్నారు గానీ, ఒక్కొక్కరు చూస్తున్నది ఒక్కొక్క చెట్టుని. మీ ఆయన సంక్రాంతికి వస్తారని రాశారు. అప్పటికి కొంగలు వెళ్లిపోయి ఉంటాయి. అంటే పెద్దయ్యాక ఆయన చూస్తూ వచ్చింది ఖాళీ చెట్టుని, ఇంటికి అడ్డొచ్చే చెట్టుని. దాని మీద ప్రాణాలున్నాయన్నది ఆయనకి చిన్నప్పటి జ్ఞాపకం మాత్రమే. అత్తగారికి అది మామగారి వైపు నుంచి చేతికొచ్చిన చెట్టు. భర్త పోయాక, కొడుకు దూరమయ్యాక, ఏటా తప్పకుండా ఇంటికొచ్చేవి ఆ కొంగలే. మీ మరిదికి అది తుఫాను. పిల్లాడికి ఆ ఒక్క పిల్ల. మీకేమో చీపురు. ఇన్ని రకాలుగా చూస్తున్నప్పుడు కొట్టాలా వద్దా అని ఒకే ప్రశ్న వేసుకుంటే ఎవరో ఒకరు ఓడిపోక తప్పదు. విడివిడిగా చూస్తే కొన్నిటికి జవాబులు దొరుకుతాయి.

పాప సంగతి అన్నిటికంటే ముందు. డాక్టరు అడిగింది ప్రశ్న, తీర్పు కాదు. పక్షుల రెట్టలు ఎండి, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే ఊపిరితిత్తులకి ఇబ్బందే, అందులో అనుమానం లేదు. కానీ రెండేళ్ల పిల్లకి వానాకాలంలో పిల్లికూతలు రావడానికి జలుబు వైరస్‌లు, గోడల చెమ్మ, కట్టెల పొయ్యి పొగ, రాత్రంతా వెలిగే దోమల చక్రం ఇంకా మామూలు కారణాలు. మీ ఇంట్లో వీటిలో ఏవేవి ఉన్నాయో డాక్టరుకి చెప్పారా? చక్రం ఇవాళే ఆపి దోమతెర కట్టండి. చెట్టు కొట్టేశాక కూడా దగ్గు తగ్గకపోతే ఇంట్లో ఆ మాట ఎవరు భరిస్తారు? అందుకే కారణం తేల్చుకోకుండా గొడ్డలి ఎత్తకూడదంటాను.

పెరడు పొడిగా ఊడవొద్దు. ముందు నీళ్లు చల్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిగా ఎత్తండి. ఆ సమయంలో పాపని ముందు వైపు గదిలో ఉంచండి. ఎత్తినదాన్ని ఒక గోతిలో ఆకులు, మట్టితో కలిపి మాగబెడితే కొబ్బరిచెట్లకి మంచి ఎరువు. నూతి మీద, నీళ్ల తొట్టి మీద మూత తప్పనిసరి. చెట్టు కింద ఎత్తులో పాత చేపల వల పరిచి కట్టిస్తే పడే పిల్లలు వల మీద ఆగుతాయి, పెంకులూ చాలావరకు అక్కడే చిక్కుతాయి. ఒక జాగ్రత్త: ఎప్పుడైనా ఒకేసారి చాలా కొంగలు చచ్చి పడితే ఎవరూ చేత్తో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి కబురు పెట్టండి.

ఈ దసరాకి చెట్టు కొట్టించడం గురించి మీ మరిది తెలుసుకోవలసింది ఒకటుంది. ఆ చట్టం ప్రకారం గూళ్లని చెదరగొట్టడం, గుడ్లు పాడుచేయడం కూడా వేట కిందికే వస్తుంది. గూళ్లలో పిల్లలుండగా కొమ్మ నరికితే కేసవుతుంది. ఆ కేసులో మొదట ఇరుక్కునేది గుజరాత్‌లో ఉన్న అన్న కాదు, దగ్గరుండి కొట్టించిన తమ్ముడు. ఊరు కూడా ఊరుకోదు. ఇన్నేళ్లుగా కొంగల మీద రాయి పడనివ్వని ఊళ్లో, పిల్లలతో ఉన్న చెట్టుని కూల్చిన ఇల్లుగా మిగలడం మీ పిల్లలకి మంచిది కాదు.

కొంగలు వెళ్లాక కొట్టించడం వేరే విషయం. అప్పుడు కూడా నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, కానీ అది దొరకని పనేం కాదు. ఆ దారి పడితే ఇల్లు మీరనుకున్నట్టే వస్తుంది, తుఫాను భయం ఉండదు, మీ చీపురు పని పోతుంది. మరోపక్క వచ్చే జూన్‌లో కొంగలు వచ్చి తిరిగి చూసుకుంటాయి. పక్కింటి చెట్టు మీదికో, ఊరి చివరికో పోతాయి. మీ అత్తగారు దాన్ని ఎలా తట్టుకుంటారో నాకంటే మీకే బాగా తెలుసు. నీళ్లు ముట్టనన్న మాట బెదిరింపని తీసిపారేయకండి. ఆ వయసులో వాళ్లు అన్నంత పనీ చేస్తారు.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. ఇంటి మీదికి, పాక మీదికి వాలిన కొమ్మల్ని మాత్రం కొంగలు వెళ్లాక తీయించడం. కొత్త ఇంటి ప్లానుని చెట్టుకి దూరంగా ముందుకి జరపడం. వంటిల్లు, నీళ్ల తొట్టి, బట్టలారేసే చోటు చెట్టుకి అవతలి వైపు పెట్టుకోవడం. ఇందులో ఇల్లు ఒక గది తగ్గొచ్చు, మేస్త్రీ కొత్త కొలతలకి గొణగొచ్చు. మరిది భయాన్ని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ మీ వైపు చేసిన నాశనం చూసినవాళ్లకి ఇంటి పక్కన పెద్ద చెట్టంటే భయం ఉండటంలో తప్పు లేదు. మొదలు తొర్రపడిందా, వేర్లు లేచాయా, చెట్టు ఏ వైపుకి ఒరిగిందో తెలిసినవాళ్లకి చూపించండి. నిజంగానే పెద్ద తొర్ర ఉంటే అత్తగారితో మాట్లాడటం తేలిక. అప్పుడది కొంగల మీద కోపం కాదు, పిల్లల మీద పడుతుందన్న భయం.

ముహూర్తం గురించి ఒక మాట. కార్తీకంలోనే ఎందుకు? మాఘంలోనూ గృహారంభానికి ముహూర్తాలుంటాయి, మీ పంతులుగారిని అడగండి. మాఘం సంక్రాంతి దాటిన నెలలోపే మొదలవుతుంది. మీ ఆయన అప్పటికి ఊళ్లోనే ఉంటారు, అవసరమైతే సెలవు కొన్నాళ్లు పొడిగించుకుంటే చాలు. తను లేకుండా తమ్ముడి చేత ఫోన్‌లో చేయించే శంకుస్థాపనకి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తానే ఇటుక పెట్టే శంకుస్థాపనకి ఎంత తేడా! ఈ మాట మీరు అనండి. చెట్టు కొట్టొద్దు, కొంగలు కావాలి అని అనకుండా, మీరు లేని ముహూర్తం నాకొద్దని అనండి. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, సిమెంటు రేటు పెరిగితే కొంత నష్టం తప్పదు, ఆ లెక్క కూడా దాచకుండా చెప్పండి. ఒకటి చేయండి. ఏదో ఒక మధ్యాహ్నం వీడియో కాల్‌లో చెట్టుని చూపించండి. ఎండ కాసేటప్పుడు తల్లో తండ్రో రెక్కలు సగం విప్పి పిల్లల మీద నీడపట్టి నిలబడుతుంది. ఆయన చూసి ఎన్నేళ్లయిందో. వెంటనే పెరడు కూడా చూపించండి, మీ చేతిలో చీపురుతో సహా. రెండూ చూశాకే ఆయన నిర్ణయం చెప్పాలి.

మీ విసుగు గురించి. అది పాపం కాదమ్మా. పుణ్యం పేరు ఇంటికొస్తోంది, పని ఒక్క మీ మీద పడుతోంది. ఎవరికైనా విసుగొస్తుంది. అత్తగారు దీపం పెడతారు, మరిది తుఫాను సంగతి చెప్తాడు, ఆయన ఫోన్‌లో కేకలేస్తారు, రెట్టలు మాత్రం మీరెత్తుతారు. చెట్టు ఉండాలంటే ఈ పని పంచుకోవాలని స్పష్టంగా చెప్పండి. ఆదివారం మరిది, మిగతా రోజుల్లో కొన్ని పూటలు అత్తగారు చేయగలిగినంత. కొంగలు ఊరి గౌరవమైతే పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బంది వారానికోసారి మీ పెరట్లోకి కూడా రావాలి, అడగండి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అక్కడ చెట్ల యజమానులకి అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది, పడిపోయిన పిల్లల్ని ఉంచడానికి ఒక ఆవరణ కూడా కట్టారు. మీ దగ్గర అలా ఇస్తారని నేను మాట ఇవ్వలేను. కానీ చెట్లున్న ఇళ్లవాళ్లు పది మంది కలిసి అర్జీ పెడితే కనీసం వలలైనా అడగొచ్చు. ఒక్కరే వెళ్తే ఆడమనిషి గొణుగుడని పక్కన పెట్టేస్తారు, కలిసి వెళ్లండి.

ఇంకో దారి మీరు రాయలేదు గానీ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. పాపని తీసుకుని కొన్నాళ్లు బొబ్బిలి వెళ్లడం. అలిగి వెళ్తే గొడవ పెద్దదవుతుంది, పిల్లాడి బడి పోతుంది, అత్తగారు మీరు కొంగలకి భయపడి పారిపోయారని అంటారు. కానీ దసరా సెలవులకి, అందరికీ చెప్పి, డాక్టరుని అడిగి వెళ్తే అందులో ఒక లాభం ఉంది. అక్కడ పాప దగ్గు ఎప్పుడు తగ్గింది, తగ్గలేదు, తిరిగొచ్చాక ఎన్ని రోజులకి మళ్లీ మొదలైంది అన్నది తెలుస్తుంది. పుట్టింట్లో కట్టెల పొయ్యి ఉందా, చక్రం వెలిగించారా అన్నది కూడా పక్కన రాసుకోండి. ఆ తేదీల కాగితం బరంపురం డాక్టరు ముందు పెడితే ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు దొరికే వీలుంది. ఆ సెలవుల్లో మీరు లేని పెరడు ఎవరు ఊడ్చారో కూడా, తిరిగొచ్చాక అడగండి.